చిన్నబిడ్డ ఉన్న ఇంటికి ఏ ట్యాబ్ మంచిది?

చిన్నపిల్లల కోసం ట్యాబ్ కొనబోయేవారు దుకాణంలో అడిగే మొదటి ప్రశ్న సాధారణంగా "కింద పడితే పగలనిది ఏది?" అన్నదే. అది అడగవలసిన ప్రశ్నే అయినా దాని వంతు తరవాత వస్తుంది. దుకాణానికి వెళ్లకముందే ఇంట్లో తేల్చుకోవలసిన విషయం వేరే ఉంది: ఆ ట్యాబ్‌ను బిడ్డ తన చేతుల్లో పెట్టుకుని ఒంటరిగా చూస్తుందా, పెద్దవాళ్లలో ఎవరో ఒకరు పక్కన కూర్చుని చూపిస్తారా? రెండేళ్లు దాటి అయిదేళ్లు నిండని బిడ్డకు రెండో పద్ధతే తగినదని నేను నమ్ముతాను. ఆ నమ్మకంతో వెతికితే "కిడ్స్ ట్యాబ్" పేరుతో అమ్మే వస్తువుల్లో చాలావాటితో మనకు పని లేదని తెలుస్తుంది, మామూలు ట్యాబ్‌లలోనే ఒకటి రెండు మన అవసరానికి సరిపోతాయి.

మా ఇంట్లో మూడేళ్లు దాటిన పాప ఉంది. పాప అమ్మమ్మా తాతయ్యా తెనాలిలో ఉంటారు, పిన్ని అమెరికాలో డాలస్‌లో ఉంటుంది. హైదరాబాదులో మేం వాడుతున్నది శాంసంగ్ గెలాక్సీ ట్యాబ్ ఏ9 ప్లస్. బంధువుల ఇళ్లలో పిల్లలు చూసే 8.7 అంగుళాల ఏ9ను, యాపిల్ ఐప్యాడ్‌ను, అమెరికా నుంచి తెచ్చిన అమెజాన్ ఫైర్ కిడ్స్‌ను, ఏ సంస్థ చేసిందో తెలియని ఒక చౌక ట్యాబ్‌ను కూడా దగ్గరుండి వాడి చూశాను. ఈ సమీక్షకు ఆధారం అదే.

వయసు సంగతి ముందు చెప్పాలి, అసలు కొనాలా వద్దా అన్నది దాని మీదే తేలుతుంది కనుక. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 ఏప్రిల్‌లో అయిదేళ్ల లోపు పిల్లల కోసం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రెండేళ్లు నిండని బిడ్డను తెర ముందు కూర్చోబెట్టడం మంచిది కాదు. రెండు నుంచి నాలుగేళ్ల వయసులో అది రోజుకు ఒక గంటకు మించకూడదు, ఎంత తగ్గితే అంత మేలు. మన దేశపు పిల్లల వైద్యుల సంఘమైన ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెప్పేదీ ఇంచుమించు ఇదే. రెండేళ్ల లోపు తెర అసలు వద్దని, దూరాన ఉన్న బంధువులతో అప్పుడప్పుడూ వీడియో కాల్ మాట్లాడించడం ఒక్కటే దానికి మినహాయింపని, ఆ తరవాత అయిదేళ్ల వరకు పెద్దల పర్యవేక్షణలో గంట లోపే ఉండాలని ఆ సంఘం సలహా. దీనికి కారణం కళ్లొక్కటే కాదు. ఈ వయసు పిల్లలు ఎదురుగా ఉన్న మనిషి చేసి చూపితే నేర్చుకున్నంతగా తెర మీద చూసి నేర్చుకోలేరని పిల్లల మనస్తత్వాన్ని పరిశీలించేవారు ఎన్నోసార్లు గమనించారు. పక్కనున్న పెద్దవారు "అదిగో ఏనుగు, మనం జూపార్కులో చూశాం కదూ" అని తెర మీది బొమ్మను బిడ్డకు తెలిసిన లోకంతో కలిపినప్పుడే ఆ బొమ్మకు అర్థం ఏర్పడుతుంది. అందువల్ల బిడ్డకు రెండేళ్లు నిండకపోతే ఏ ట్యాబూ కొనవద్దు. అమ్మమ్మతో మాట్లాడించడానికి చేతిలో ఉన్న ఫోన్ చాలు.

రెండేళ్లు దాటినవారింట్లో కూడా కొనేముందు ఒక నియమం పెట్టుకోవాలి: అన్నం తినిపించేటప్పుడు ట్యాబ్ ఉండకూడదు. ఇది పక్కదారి మాట కాదు. మన ఇళ్లలో ట్యాబ్ కొనడానికి పైకి చెప్పే కారణం "చదువు" అయినా, లోపలి కారణం చాలాచోట్ల గోరుముద్దలే. తెర చూస్తూ నోరు తెరిచే బిడ్డకు ఆకలి ఎప్పుడు వేసిందో, కడుపు ఎప్పుడు నిండిందో తెలియదు. కొద్ది రోజుల్లోనే తెర లేనిదే ముద్ద దిగని స్థితి వస్తుంది. భోజనాల వేళ, నిద్రకు ముందు గంటసేపు తెర వద్దని వైద్యులు చెప్పడం ఇందుకే. అన్నం తినిపించడానికే ట్యాబ్ కావాలనుకునేవారికి నేను ఏ ట్యాబ్‌నూ సిఫారసు చేయలేను.

ఇక కొలత విషయం. పిల్లల చేతులు చిన్నవి కాబట్టి ట్యాబ్ కూడా చిన్నదై ఉండాలని అమ్మేవారు అంటారు. ఏడు, ఎనిమిది అంగుళాల ట్యాబ్‌కు స్పాంజి తొడుగు, పట్టుకోవడానికి పిడి తగిలించి పిల్లల ట్యాబ్‌గా అమ్మడం ఈ ఆలోచన మీదే నడుస్తోంది. బిడ్డ ఒంటరిగా పట్టుకుని చూస్తే ఏమవుతుందో ఒకసారి గమనించండి. చేతులు పొట్టివి కాబట్టి తెర ముఖానికి జానెడు దూరంలోకి వచ్చేస్తుంది, మెడ వంగుతుంది, పక్కన కూర్చున్నవారికి తెర కనబడదు. అదే 11 అంగుళాల ట్యాబ్‌ను బల్ల మీదో, పీట మీదో నిలబెడితే బిడ్డ రెండడుగుల దూరం నుంచి చూడగలుగుతుంది, పెద్దవారు పక్కనే కూర్చుని అదే తెరను చూడగలుగుతారు, బిడ్డ చేతులు చప్పట్లు కొట్టడానికీ వేలితో చూపడానికీ ఖాళీగా ఉంటాయి. చేతిలో ఉండని వస్తువు కింద పడే అవకాశమూ తక్కువే. పుస్తక పఠనానికి వాడే చెక్క వ్యాసపీఠం ఇంట్లో ఉంటే ట్యాబ్‌ను దాని ఒక రెక్కకు ఆనించి నిలబెట్టవచ్చు. మేం చేస్తున్నది అదే, దీనికోసం వేరే స్టాండు కొనలేదు.

ఈ కారణాల వల్లే నా మొదటి ఎంపిక గెలాక్సీ ట్యాబ్ ఏ9 ప్లస్. 2023లో వచ్చిన ఈ ట్యాబ్‌కు 11 అంగుళాల తెర, 1920×1200 పిక్సెళ్ల స్పష్టత, నాలుగు స్పీకర్లు, 7,040 ఎంఏహెచ్ బ్యాటరీ ఉన్నాయి. బరువు 480 గ్రాములు. వచ్చినప్పుడు వైఫై రకం ధర రూ.20,000కు అటూ ఇటూ ఉండేది. దీని ప్రాసెసర్ గురించి, తెర సెకనుకు 90 సార్లు మారడం గురించి ప్రకటనల్లో చెప్పే మాటలతో మూడేళ్ల బిడ్డకు పని లేదు. పని ఉన్నది ముందు కెమెరా ఎక్కడుందన్న విషయంతో. ట్యాబ్‌ను అడ్డంగా నిలబెట్టినప్పుడు కెమెరా పై అంచు మధ్యలో ఉంటుంది. కెమెరా పొట్టి అంచు మీద ఉన్న ట్యాబ్‌లలో వీడియో కాల్ చేస్తే బిడ్డ చూపు పక్కకు పోయినట్టు అవతలివారికి కనిపిస్తుంది, ఎవరి ముఖమూ నిండుగా పడదు. మా పాప తెనాలికి కాల్ చేసినప్పుడు తాతయ్య కళ్లలోకి చూసి మాట్లాడుతున్నట్టే అక్కడివారికి కనబడుతుంది. చెవి కొంచెం మందగించిన పెద్దవారు అవతల ఉంటే బిడ్డ మాట స్పష్టంగా వినబడటం ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు. ట్యాబ్‌ను నిలబెట్టిన స్థితిలో బిడ్డ రెండడుగుల దూరంలో కూర్చున్నా మాట అందుతోంది. నా లెక్కలో ఈ వయసు బిడ్డకు ట్యాబ్ వల్ల కలిగే అతి పెద్ద మేలు ఈ వీడియో కాలే. మిగతావన్నీ దాని తరవాతే.

రెండో బలం శాంసంగ్ కిడ్స్ అనే పిల్లల విభాగం. ఇది ట్యాబ్‌లోనే ఉంటుంది, దీనికి వేరే చందా అక్కరలేదు. పై నుంచి కిందికి లాగితే కనిపించే మీటల్లో దాని గుర్తు ఉంటుంది. ఒకసారి అందులోకి వెళ్లాక పిన్ నంబరు కొట్టనిదే బయటికి రావడం కుదరదు. ఏ యాప్‌లు కనబడాలో, ఏ బొమ్మలూ వీడియోలూ చూడవచ్చో, ఎవరికి కాల్ చేయవచ్చో పెద్దవారే ఎంచి పెడతారు. రోజుకు ఎంతసేపు అన్న గడువును మామూలు రోజులకు ఒకటి, సెలవు రోజులకు ఒకటి విడిగా పెట్టుకోవచ్చు. గడువు తీరాక తెర దానంతటదే ఆగిపోవడంలో ఒక సౌకర్యం ఉంది: "ఇక చాలు" అన్న మాట అమ్మ నోటి నుంచి కాక ట్యాబ్ నుంచి వస్తే ఏడుపు తగ్గుతుంది. అయితే ఒక హెచ్చరిక. శాంసంగ్ కిడ్స్‌లో చేర్చినంత మాత్రాన బయటి యాప్‌లోని ప్రకటనలు ఆగవు. ప్రకటనలు వచ్చే ఆటను అందులో పెడితే ప్రకటనలూ వెంటే వస్తాయి. కాబట్టి ఏ యాప్‌ను చేర్చినా ముందు పెద్దవారు పది నిమిషాలు ఆడి చూడాలి. ఉచితమని చెప్పే పిల్లల ఆటల్లో చాలావాటిని ఈ ఒక్క పరీక్షతోనే పక్కన పెట్టేయవచ్చు.

దీనికి తోడు గూగుల్ ఫ్యామిలీ లింక్ ద్వారా బిడ్డ పేరున విడిగా ఖాతా తెరవడం మంచిది. అప్పుడు కొత్త యాప్ దిగాలన్నా, ఏదైనా కొనాలన్నా తల్లి లేదా తండ్రి ఫోన్‌కు అనుమతి కోరుతూ సందేశం వస్తుంది. ట్యాబ్‌ను ఫోన్ నుంచే తాళం వేయవచ్చు. తండ్రి ఖాతానే ట్యాబ్‌లో పెట్టి, దానికి చెల్లింపు వివరాలు జతచేసి, ట్యాబ్‌ను బిడ్డ ముందు పెట్టడం మాత్రం చేయకూడని పని.

ట్యాబ్‌లో ఏం ఉంచాలన్నది ట్యాబ్ ఎంపిక కంటే పెద్ద ప్రశ్న, తెలుగు ఇళ్లకు మరీను. పిల్లల యాప్‌లలో బాగున్నవి ఎక్కువగా ఇంగ్లీషువి. ఖాన్ అకాడమీ కిడ్స్ వాటిలో మేలైనది: రెండు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల కోసం చేసిన ఈ యాప్ పూర్తిగా ఉచితం, ప్రకటనలు లేవు, ఇంటర్నెట్ లేకపోయినా కొన్ని పుస్తకాలూ ఆటలూ పనిచేస్తాయి. అందులోని మాట ఎక్కువగా ఇంగ్లీషే కనుక మేం దాన్ని ధ్వని తగ్గించి, బొమ్మలకు మా మాటలు మేమే చెబుతూ వాడుతున్నాం. తెలుగు కోసం ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ అనే పుస్తకాల వెబ్‌సైట్‌ను తప్పకుండా చూడాలి. బొమ్మల కథల పుస్తకాలు తెలుగులో పెద్ద సంఖ్యలో, ఉచితంగా, చదివే స్థాయిని బట్టి విభజించి ఉన్నాయి. మొదటి స్థాయి పుస్తకాల్లో పేజీకి ఒకటి రెండు వాక్యాలే ఉంటాయి. వాటిని దించుకుని పెట్టుకుంటే 11 అంగుళాల తెర మీద పుస్తకం పేజీ దాదాపు అసలు కొలతలో కనబడుతుంది. పెద్దవారు చదివి వినిపిస్తే బిడ్డ పేజీ తిప్పుతుంది. చిన్న ట్యాబ్‌లో ఈ సుఖం లేదు.

యూట్యూబ్ కిడ్స్ గురించి జాగ్రత్తగా చెప్పాలి. 2016 నుంచి మన దేశంలో ఉన్న ఈ యాప్‌ను నాలుగేళ్ల లోపు పిల్లల స్థాయిలో పెట్టుకునే వీలుంది. అంతటితో ఆగకుండా, "ఆమోదించినవి మాత్రమే" అన్న అమరికను ఎంచుకోవాలి. అప్పుడు మీరు వెతికి ఎంపిక చేసిన చానెళ్లు, వీడియోలు తప్ప మరొకటి తెర మీదికి రాదు, వెతికే సౌకర్యం కూడా ఆగిపోతుంది. ఈ అమరిక పెట్టని యూట్యూబ్ కిడ్స్‌లో మీరు ఎంచని వీడియోలు కూడా తెర మీదికి వస్తాయి, రంగులూ చప్పుళ్లూ పెరుగుతూ పోతాయి, మధ్యలో ప్రకటనలు వస్తాయి. మామూలు యూట్యూబ్‌ను మాత్రం బిడ్డ చూసే ట్యాబ్‌లో కనబడకుండా చేయడమే మేలు.

నేను అందరికీ గట్టిగా చెప్పే పద్ధతి ఇంకొకటి ఉంది. ఏ9 ప్లస్‌లో మెమరీ కార్డు పెట్టుకునే చోటు ఉంది. అమ్మమ్మ చెప్పే కథలు, తాతయ్య పాడే పద్యాలు, నాయనమ్మ జోలపాటలు వారు ఊరికి వచ్చినప్పుడు ఫోన్‌లో రికార్డు చేసి ఒక కార్డులోకి ఎక్కించండి. ప్రకటనలు లేని ఉచిత యాప్ అయిన వీఎల్‌సీతో వాటిని వినిపించవచ్చు, దీనికి ఇంటర్నెట్ అక్కరలేదు. కొన్నిటిని మేం వీడియోగా కాక ధ్వనిగా మాత్రమే రికార్డు చేశాం, తెర ఆపేసి వినిపిస్తాం. తనకు తెలిసిన గొంతు తన పేరు పిలిచి కథ మొదలుపెడితే బిడ్డ వినే తీరే వేరు. తెనాలి యాసలో కథ వింటూ పెరగడం హైదరాబాదులోని బిడ్డకైనా, డాలస్‌లోని బిడ్డకైనా ఏ యాప్ ఇవ్వలేని లాభం. కార్డు పెట్టే వీలు లేని ట్యాబ్ కొనేవారు కనీసం 128 జీబీ నిల్వ ఉన్నది తీసుకోవాలి.

గెలాక్సీ ట్యాబ్ ఏ9 దీనికి తమ్ముడి వరస. తెర 8.7 అంగుళాలు, బరువు 332 గ్రాములు, నిల్వ 64 జీబీ, కార్డు పెట్టుకునే చోటు దీనికీ ఉంది. 2023 అక్టోబరులో రూ.12,999 ధరతో వచ్చింది. ఇదే కొలతతో 2025లో ఏ11 వచ్చింది కనుక ఇప్పుడు కొనేవారు దానినే అడగడం మంచిది. శాంసంగ్ కిడ్స్ ఏ9లోనూ ఉంది. ఏ9 తెర స్పష్టత 1340×800 పిక్సెళ్లే, ముందు కెమెరా 2 మెగాపిక్సెళ్లే. వీడియో కాల్ ముఖ్యమనుకునేవారికి ఈ కెమెరా చాలదు. ప్రయాణాలు ఎక్కువగా ఉన్నవారికి, అయిదేళ్లు దాటుతున్న బిడ్డకు ఇది బాగుంటుంది. మూడేళ్ల బిడ్డకు మాత్రం డబ్బు ఒక్కటే అడ్డమైతే తప్ప నేను దీన్ని చెప్పను.

లెనోవో వంటి సంస్థల ట్యాబ్‌లు కొన్నిటిలో గూగుల్ కిడ్స్ స్పేస్ అనే పిల్లల విభాగం ఉంటుంది. అదీ పద్ధతైన ఏర్పాటే. కొనబోయే నమూనాలో అది ఉన్నదీ లేనిదీ దుకాణంలోనే తెరిచి చూసుకోవాలి, ఎందుకంటే ఒకే సంస్థ ట్యాబ్‌లన్నిటిలోనూ అది ఉండదు.

ఇప్పటికే ఇంట్లో ఐప్యాడ్ ఉన్నవారు కొత్తగా ఏదీ కొననక్కరలేదు. యాపిల్ ఇచ్చిన గైడెడ్ యాక్సెస్ అనే సౌకర్యం చిన్నపిల్లల విషయంలో నేను చూసిన తాళాలన్నిటిలోకీ గట్టిది. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద దాన్ని ఒకసారి తెరిచి పెట్టుకుంటే, ఏ యాప్‌లో ఉన్నా పై మీటను, పాత ఐప్యాడ్‌లలో అయితే హోమ్ మీటను, వరసగా మూడుసార్లు నొక్కగానే ఐప్యాడ్ ఆ యాప్‌కే కట్టుబడిపోతుంది. ధ్వని పెంచే మీటలు పనిచేయకుండా చేయవచ్చు, సమయం పెట్టవచ్చు. తెర మీద ఏ భాగాన్ని తాకకూడదో వేలితో గీత గీసి ఆ భాగాన్ని నిద్రపుచ్చవచ్చు. చిన్నపిల్లలు ఒక వేలితో కాక అరచేయి మొత్తం ఆనించి తాకుతారు; వీడియో కాల్ మధ్యలో ఎర్ర గుర్తు నొక్కి కాల్ తెంచేస్తారు. ఆ గుర్తు ఉన్నచోట గీత గీసి పెడితే ఆ బాధ ఉండదు. లోపం ఒక్కటే చెప్పుకోవాలి: ఇంట్లో వాడే ఐప్యాడ్‌లో బిడ్డకు విడిగా ఖాతా పెట్టే ఏర్పాటు లేదు, తండ్రి ఈమెయిలూ ఫొటోలూ అన్నీ అదే చోట ఉంటాయి. కొత్తది కొనేవారికి ధర కూడా అడ్డే. 2025 మార్చిలో వచ్చిన 128 జీబీ ఐప్యాడ్ మన దేశంలో రూ.34,900 నుంచి మొదలైంది. మూడేళ్ల బిడ్డ కోసమే అంత పెట్టడానికి నాకు కారణం కనబడలేదు. ఇంట్లో పెద్దవారికి కూడా అవసరమైతే అది వేరే లెక్క. కొత్తగా కొంటే మాత్రం 2022లో వచ్చిన పదో తరమో, ఆ తరవాతిదో తీసుకోవాలి, ఎందుకంటే కెమెరా పొడవాటి అంచుకు మారింది అప్పటి నుంచే.

అమెరికాలో ఉన్న బంధువులు ఊరికి వస్తూ అమెజాన్ ఫైర్ కిడ్స్ తెస్తామంటే ఏం చెప్పాలని చాలామంది అడుగుతారు. అక్కడ అది మంచి వస్తువే. మందపాటి తొడుగు పెట్టెలోనే వస్తుంది, పగిలితే రెండేళ్ల వరకు మార్చి ఇస్తారు, మూడేళ్లు దాటిన పిల్లల పుస్తకాలూ వీడియోలూ ఉన్న చందా సేవ కొంతకాలం ఉచితంగా జతచేస్తారు. ఇక్కడికి తెచ్చాక ఈ మేలిమి గుణాలు చాలావరకు పోతాయి. అమెజాన్ ఈ ట్యాబ్‌ను భారతదేశంలో అమ్మడం లేదు కనుక పగిలితే మార్పించుకోవడానికి ఇక్కడ దారి లేదు. గూగుల్ ప్లే ఇందులో ఉండదు కనుక మనం వాడే తెలుగు యాప్‌లు నేరుగా దిగవు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడి, నాలుగైదేళ్ల బిడ్డ ఉన్న తెలుగు కుటుంబానికి ఇది తక్కువ ఖర్చుతో అయ్యే పని. గుంటూరులోని మనవడికి కానుకగా మాత్రం వద్దు. ఆ డబ్బు పంపితే ఇక్కడే ఒకటి కొనుక్కోవచ్చు.

పేరు తెలియని సంస్థల చౌక ట్యాబ్‌ల గురించి మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. రూ.4,000, రూ.5,000కు ఆన్‌లైన్‌లో దొరికే ఇవి చూడటానికి ముద్దుగా ఉంటాయి, వెనక బొమ్మలు ఉంటాయి, మెడలో వేసుకునే తాడు ఉంటుంది. చిన్నబిడ్డ మెడలో తాడు ఉండటమే ప్రమాదం. బంధువులింట్లో నేను చూసిన ట్యాబ్ పెట్టె మీద రాసిన మెమరీకి, లోపల నిజంగా ఉన్నదానికి పొంతన లేదు. చార్జింగ్‌లో పెడితే వెనక భాగం చేయి పెట్టలేనంత వేడెక్కేది. దానికి భద్రతా అప్‌డేట్‌లు వచ్చే ఆశ లేదు, పిల్లల విభాగం అని చెప్పేది రెండు నొక్కులతో దాటిపోయేలా ఉంది. మన దేశంలో అమ్మే ట్యాబ్‌లకూ, వాటి చార్జర్లకూ భారతీయ ప్రమాణాల సంస్థ నమోదు తప్పనిసరి. వస్తువు మీద ఆ సంస్థ ముద్రతో పాటు "ఆర్" అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉండాలి. అది లేని ట్యాబ్‌ను ఎంత చౌకగా ఇచ్చినా ఇంటికి తేవద్దు.

ట్యాబ్ వద్దనుకుని దాని బదులు ఎల్‌సీడీ రైటింగ్ ప్యాడ్ కొనేవారు ఎందరో ఉన్నారు. రూ.200, రూ.300కు దొరికే ఆ పలక మీద గీసి, మీట నొక్కి చెరిపేయవచ్చు. ఆలోచన చాలా మంచిది, మూడేళ్ల బిడ్డకు నిజానికి ట్యాబ్ కంటే అదే ఎక్కువ పనికొస్తుంది. కానీ ఆ పలకలో నాణెం ఆకారంలో ఉండే బటన్ బ్యాటరీ ఉంటుంది. ఆ బ్యాటరీని బిడ్డ మింగితే అది అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపలి కణజాలాన్ని కాల్చివేయగలదు. మింగినట్టు అనుమానం వచ్చినా వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా వెంటనే పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కొనేటప్పుడు బ్యాటరీ మూతకు స్క్రూ ఉందో లేదో తిప్పి చూడండి. గోరుతో జరిపితే ఊడివచ్చే మూత ఉన్నదాన్ని అక్కడే వదిలేయండి. బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి అయింది. అక్షరాలు పలికే ట్యాబ్ ఆకారపు బొమ్మలు కొనేటప్పుడు కూడా ఆ ముద్రను వెతకాలి.

అదనపు సరంజామాలో ముందుగా చెప్పవలసింది తొడుగు. మూలలు మందంగా ఉన్న మెత్తటి ఈవీఏ ఫోమ్ తొడుగు, పైన ఒక టెంపర్డ్ గ్లాసు ఉంటే చాలు; రెండూ కలిపినా రూ.1,500 దాటవు. తొడుగు చార్జింగ్ రంధ్రాన్ని కొంత కప్పేది అయితే మరీ మంచిది, ఎందుకంటే పిల్లలున్న ఇంట్లో ఆ రంధ్రంలోకి ముందుగా చేరేది అన్నం మెతుకే. హెడ్‌ఫోన్లు ఈ వయసుకు కొనవద్దని నా సలహా. పిల్లలు రోజుల తరబడి వినే ధ్వని 75 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం, పిల్లల హెడ్‌ఫోన్లుగా అమ్మేవాటిలో చాలావాటి పరిమితి 85 అని రాసి ఉంటుంది. అంతకంటే ముఖ్యంగా, హెడ్‌ఫోన్లు పెట్టుకున్న బిడ్డ ఏం వింటోందో పక్కనున్నవారికి తెలియదు, అప్పుడు పక్కన కూర్చోవడం వల్ల ఫలితం లేదు. చార్జింగ్‌లో ఉన్నప్పుడు చూపించకూడదు. చార్జర్ పెద్దల గదిలో, బిడ్డకు అందని ఎత్తులో ఉండాలి.

సిమ్ కార్డు పడే రకం కొనాలా అన్న ప్రశ్నకు నా జవాబు వద్దనే. వైఫై రకం రెండు మూడు వేలు తక్కువకు వస్తుంది, ఇంటి బయట దానంతటది ఇంటర్నెట్‌లోకి వెళ్లలేదు. విశాఖ నుంచి హైదరాబాదు దాకా గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ప్రయాణమైనా ముందే దించుకున్న కథలు, కార్డులోని రికార్డింగులు సరిపోతాయి. కిటికీ పక్క సీటు దొరికితే వాటి అవసరమూ రాదు.

కొనే రోజున దుకాణంలో ప్రదర్శనకు పెట్టిన ట్యాబ్‌లోనే మూడు పనులు చేసి చూడండి. పిల్లల విభాగం తెరిచి, పిన్ లేకుండా బయటికి రావడానికి మీరే ప్రయత్నించండి. ట్యాబ్‌ను అడ్డంగా నిలబెట్టి, రెండడుగుల దూరంలో కూర్చుని ఒక వీడియో కాల్ చేయించండి. ధ్వనిని అన్నిటికంటే తక్కువ స్థాయికి తెచ్చి వినండి. కొన్ని ట్యాబ్‌లలో అతి తక్కువ స్థాయి కూడా చిన్నబిడ్డకు ఎక్కువే. ఆ తరవాత దుకాణదారును కాక ఆ సంస్థ సర్వీసు కేంద్రానికి ఫోన్ చేసి, ఆ నమూనాకు తెర మార్చాలంటే ఎంత అవుతుందో, మీ ఊళ్లోనే మారుస్తారో, విజయవాడకో హైదరాబాదుకో పంపాలో కనుక్కోండి. తెర ఖర్చు ట్యాబ్ ధరలో సగం దాటేట్టయితే, ప్రమాదవశాత్తు పగిలినా వర్తించే బీమాను కొనేటప్పుడే తీసుకుని, బిల్లు మీద ట్యాబ్ సీరియల్ నంబరు రాయించుకోండి.